చింతపండు మీద పడ్డ నింద

మా మామ్మ తోమిన ఇత్తడి బిందెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చునని మా వూళ్లో ఒక మాట వుండేది. అది వట్టి ముఖస్తుతి కాదు. మా పెద్దత్త పెళ్లిచూపుల నాడు అద్దం చెయ్యిజారి పగిలిపోతే, నిజంగా అలాగే పెట్టుకుందట. అటువంటి మామ్మ మీద, ఆవిడ చింతపండు మీద, ఒకసారి ఒక నింద పడింది. తొమ్మిదేళ్లు నిలిచింది. దానికి కారకుణ్ణి నేను. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. చెప్పేయడానికి ఇంతకంటె మంచి ముహూర్తం ఇంక దొరకదు గనుక చెబుతున్నాను.

మాది రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా ఏజెన్సీలోకి వెళ్లే దారిలో, కొండల మొదట్లో వున్న చిన్న వూరు. మా తాతయ్య వూరి మునసబు. పంట చేతికొచ్చే రోజుల్లో కొండ మీంచి అడవిపందులు దిగేవి. ఒక్క రాత్రి మంద పడిందంటే తెల్లారేసరికి చేను చేనూ దున్నేసినట్టుండేది. అందుచేత తాతయ్యకు లైసెన్సు మీద ఒక 12 బోరు తుపాకి వుండేది. రెండు గొట్టాలది. ఆయన వేటగాడు కాదు. మంచె మీద కూచుని రాత్రికి ఒకటో రెండో పేల్చేవాడు. పందులు పడిందానికంటె బెదిరి పారిపోయిందే ఎక్కువ.

ఆ తుపాకికి కాగితం తూటాలు దొరికేవి గాని, మా వైపు వానలకు అవి చెమ్మ పీల్చి వుబ్బిపోయి గొట్టంలో దూరేవి కావు. అందుకని తాతయ్య అచ్చంగా ఇత్తడితో చేసిన తూటాలు కొనుక్కున్నాడు. సరిగ్గా యాభై. ఇత్తడి తూటాలో ఒక సుగుణం వుంది. పేలగానే అది వుబ్బి గొట్టం గోడలకు అతుక్కుని, నిప్పూ పొగా వెనక్కు తన్నకుండా అడ్డుపడుతుంది. మరుక్షణంలో కాస్త ముడుచుకుని వూడి వచ్చేస్తుంది. చెక్కు చెదరని ఆ డొల్లను మళ్లీ మందు నింపి వాడుకోవచ్చు. రాగి 70 పాళ్లు, తుత్తునాగం 30 పాళ్లు కలిసిన ఇత్తడికే ఆ సాగే గుణం వుంది.

నింపడం మాత్రం మా యింట్లో జరిగేది కాదు. అది లైసెన్సు వున్నవాడి పని. రాజమండ్రిలో ఒక తుపాకుల షాపతను ఆ పని చేసి యిచ్చేవాడు. డొల్ల అడుగున వుండే టోపీని, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూతను, తీయడం కూడా అతని పనే. దాని జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదని తాతయ్య ఆజ్ఞ. మా వంతు, కాల్చిన డొల్లలను తోమి, ఆరబెట్టి, దాచి, ఏడాదికోసారి అతనికి అందజేయడం. తోమడమంటే మరి మామ్మ పనే కదా!

ఆవిడ ఆ పని చేస్తుంటే చూడాలి. నల్లమందు కాల్చిన డొల్లను రెండు రోజులు అలాగే వదిలేస్తే లోపలి మసి చెమ్మను లాక్కుని ఇత్తడిని తినడం మొదలుపెడుతుంది. అందుకని తాతయ్య మంచె దిగి వచ్చిన పూటే, కాఫీ అయినా తాగకుండా, డొల్లలు లెక్కపెట్టి ఆవిడ కొంగులో పోయాలి. నీళ్లు తగలగానే ఆ మసి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టేది. “రామ రామ! ఇదేం మందండీ!” అని ముక్కు మూసుకుని, వంటింటి గిన్నెలు తోమే చోట కాకుండా నూతికి అవతలి పక్కన, విడిగా ఒక మట్టి మూకుడు పెట్టుకుని కూచునేది.

మొదట వేడినీళ్లు. తరవాత కుంకుడు రసం. ఆముదపు పుల్లకు గుడ్డ చుట్టి ఒక్కొక్క డొల్ల లోపల తిప్పి తిప్పి మసి రాల్చేది. ఆ తరవాత చింతపండు. పులుసు పిసికేసిన పిప్పి చాలు, కొత్తది అక్కర్లేదు. పిప్పి కలిపిన నీళ్లలో డొల్లలు వేసి నన్ను వంద లెక్కపెట్టమనేది. నేను తొందరపడి “డెబ్బై, ఎనభై, తొంభై” అని దాటేస్తే నెత్తిన మొట్టికాయ వేసేది. నూరు అనగానే తీసేయాలి. ఎక్కువసేపు వుంచితే ఇత్తడి పసుపు పోయి ఎర్రబడుతుందని ఆవిడకు తెలుసు. పులుపు తుత్తునాగాన్ని లాగేసి రాగిని మిగులుస్తుందని పుస్తకాల్లో నేను తరవాత చదువుకున్నాను గాని, మామ్మకు ఆ సంగతి చేతివేళ్లకే తెలుసు. మట్టిగాని ఇసకగాని తగలనిచ్చేది కాదు. గీత పడ్డ చోట చిలుము పడుతుంది.

మూడు నీళ్లలో జాడించి, చేటలో బోర్లించి ఎండలో పెట్టేది. ఎండ లేకపోతే పొయ్యి గట్టు మీద. పొయ్యిలో మాత్రం ఎన్నడూ కాదు. ఆరిన డొల్లలను గోనెసంచీలో పొడి ఊకతో కలిపి, నేనొక కొసా మా చిన్నత్త ఒక కొసా పట్టుకుని వూపితే బంగారపు కడియాల్లా బయటికొచ్చేవి.

అప్పుడు అసలు పరీక్ష. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అలాగే మామ్మ ప్రతి డొల్లనూ గోటితో మీటేది. బాగున్నది ‘ఖంగు’మంటుంది. వెంట్రుకవాసి పగులున్నా ‘టక్కు’మంటుంది. టక్కుమన్నది పక్కకు పోవలసిందే. పగిలిన డొల్లలో మందు నింపి పేలిస్తే నిప్పూ పొగా వెనక్కు తన్ని, తుపాకి పేల్చినవాడి కంటినో చేతినో కాల్చవచ్చు. తాతయ్య కుడికన్ను మామ్మ గోటి మీద ఆధారపడి వుండేదన్నమాట.

దాచడానికి కూడా ఒక పద్ధతి వుంది. తాతయ్యకు తూటాలు గుచ్చుకునే తోలుబెల్టు ఒకటి వుండేది. డొల్లలు దాంట్లోనే వుంచేస్తే తోలు పదును తగిలి ఆకుపచ్చ చిలుము పట్టేది. అందుకని పాత పంచెగుడ్డలో చుట్టి, బిస్కట్ల డబ్బాలో పెట్టి, చెమ్మ లాగడానికి వేయించిన బియ్యం మూట ఒకటి వేసి, నడిమింటి భోషాణంలో పెట్టి తాళం వేసేవారు.

1956లో నాకు పదకొండేళ్లు. ఆ ఏడు వానలు పడే ముందు తాతయ్య డబ్బా నా చేతికిచ్చి, “అబ్బాయ్, పెద్దవాడివయ్యావు. భోషాణంలో పెట్టి తాళంచెవి మామ్మకియ్యి” అన్నాడు.

నేను తాళంచెవి మామ్మకిచ్చాను. డబ్బా మాత్రం భోషాణంలో పెట్టలేదు.

నవ్వకండి. ఖాళీ తూటా మూతికి పెదవి ఆనించి వూదితే ఎంత చక్కని ఈల వస్తుందో మీకు తెలియదు. పైగా యాభైమంది సిపాయిలను వరసగా నిలబెడితే పటాలం. భోషాణంలో పడితే ఆ పటాలం మళ్లీ కార్తీకం దాకా కంటికి కనబడదు. అందుకని దాన్ని తీసుకెళ్లి గొడ్ల సావిడి అటక మీద, గడ్డి చాటున దాచాను. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం, వాన పడి బయటికి పోవడానికి వీల్లేని ప్రతి మధ్యాహ్నం నిచ్చెన ఎక్కి మూత తీసి, పైవరస సిపాయిల చేత యుద్ధాలు చేయించేవాణ్ణి. కింద ఎద్దులూ గేదెలూ బయటికి కదలక అక్కడే నిలబడి వుండేవి. నేల ఆరేది కాదు. సావిడంతా ముక్కు మండే వాసన. కళ్లవెంట నీళ్లు కారేవి. పిల్లవాడికి ఆట ముందు వాసన ఒక లెక్కా?

దీపావళి ముందు భయం పుట్టి, డబ్బా చంకన పెట్టుకుని దిగి, మామ్మ నిద్రపోతుందనుకుని బొడ్లోంచి తాళంచెవి లాగి, భోషాణంలో పెట్టేశాను. పీడా పోయిందనుకున్నాను.

నవంబరులో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందని బడిలో మిఠాయిలు పంచిన కొద్దిరోజులకు, తాతయ్య రాజమండ్రి ప్రయాణం పెట్టుకున్నాడు. మామ్మ డబ్బా తీసి అరుగు మీద కూచుని అలవాటుగా ఒక్కొక్కటే మీటడం మొదలుపెట్టింది.

టక్కు.

మరొకటి తీసింది. టక్కు. మరొకటి. అదీ అంతే. ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఎండకు పెట్టి చూస్తే మూతి దగ్గర నిలువునా సన్నటి గీత, జుట్టుపోగు పడ్డట్టు. యాభైలో పైన వున్న ముప్ఫై ఒకటి పోయాయి. అడుగున గట్టిగా మూటకట్టిన పందొమ్మిదీ మిగిలాయి.

“ఏవండీ, ఇవి పలకడం లేదు” అంది మామ్మ.

తాతయ్య వచ్చి చూశాడు. బెల్టు సర్దుకుంటున్నవాడు అది చేత్తో పట్టుకునే వచ్చాడు. ఒకటి, రెండు, పది చూసేసరికి ఆయన మొహం జేవురించింది. ఆ రోజుల్లో ఇత్తడి తూటాలు దొరకడం కష్టం. డబ్బు ఒకటే కాదు, అనుమతి కావాలి, వాకబు చేయాలి, తిరగాలి. పంట మీదికి పందులు దిగే సమయం.

“చింతపండులో నానబెట్టి చంపావు! బిందెలూ చెంబులూ అనుకున్నావా? మెరవాలి మెరవాలి అని తోమి తోమి, పులుపుతో కొరికించావు!” అని అరుగు మీద, పదిమంది రైతులు కూచున్న చోట, కేకలేశాడు.

మామ్మ తలెత్తలేదు. ఒక్కసారి మాత్రం గుమ్మం చాటున నిలబడ్డ నా వంక చూసింది. నా కాళ్లు వణికాయి. అటక సంగతికీ పగుళ్లకీ సంబంధం వుందని నాకు తెలియదు. కాని నేను చెప్పవలసింది ఒకటి వుందని మాత్రం తెలుసు. నోరు పెగల్లేదు. మామ్మ చూపు దించుకుని, “నా వల్లే అయివుంటుంది లెండి” అంది.

పందొమ్మిదింటినీ షాపతను భూతద్దం పెట్టి పరీక్షించి ఒప్పుకున్నాడు. ముప్ఫై ఒకటికీ టోపీలు వూడదీసి, “కంచరికి వేసేయండి” అని తిరిగి పంపించాడు. మామ్మ వాటికి తోడు చిల్లుపడ్డ చెంబు ఒకటి కలిపి, కంచరి చేత ఒక దీపపు కుంది పోత పోయించుకుంది. అది తెచ్చుకున్న నాడు కూడా గోటితో మీటి చూసింది. ఖంగుమంది.

ఆనాటి నుంచి మామ్మ ఆ డొల్లలు ముట్టుకోలేదు. ముట్టనివ్వలేదు అనడం న్యాయం. తాతయ్యే నూతి దగ్గర గొంతుక్కూచుని తోముకునేవాడు. ఆయనకు నడుం నొప్పి. లేవలేక నూతి గట్టు పట్టుకుని లేచేవాడు. మామ్మ వంటింటి కిటికీలోంచి చూసేది. ఆయన పిలవలేదు, ఆవిడ వెళ్లలేదు. నలభై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరి మధ్యా అంతకుముందు అటువంటి కిటికీ లేదు. నేను అరుగు మీద పాఠం చదువుతున్నట్టు నటిస్తూ ఇద్దరినీ చూసేవాణ్ణి.

1961లో తాతయ్య పోయాడు. తుపాకి పోలీసు స్టేషనుకు అప్పగించేశారు. నేను కాకినాడ వెళ్లి ఇంజనీరింగులో చేరాను.

1965లో ఒక మధ్యాహ్నం, భోజనం చేసివచ్చి సగం నిద్రలో వున్న క్లాసులో, లోహశాస్త్రం చెప్పే మాస్టారు ఇత్తడి గురించి చెబుతూ, “ఇది మన దేశంలో బయటపడ్డ జబ్బు” అన్నారు. నిద్ర వదిలింది. బ్రిటిష్ సైన్యం వాళ్లు వానాకాలంలో పని తగ్గించి, తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారట. వానలు వెనకబట్టాక తీసిచూస్తే చాలా తూటాలు వాటంతటవే పగిలి వుండేవి. ఎవరూ కొట్టలేదు, ఎవరూ పేల్చలేదు. ఋతువుతోబాటు వస్తుంది గనుక ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా!

నా గుండె దడదడలాడింది. లేచి నిలబడి, “గొడ్ల సావిడైనా అంతేనాండీ?” అని అడిగాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. “అంతే” అన్నారు.

“మరి ఎద్దుల మెళ్లో ఇత్తడి గంటలు అక్కడే వుంటాయి కదండీ. అవి పగలవేం?”

“గంట పోత పోసింది. తూటా అలా కాదు. చల్లని ఇత్తడి బిళ్లను అచ్చులో పెట్టి నొక్కి నొక్కి గొట్టంగా సాగదీస్తారు. ఆ లాగుడు బిగువు లోహంలో వుండిపోతుంది. పైకి కనబడదు. ఆ బిగువొక్కటే వుంటే పగలదు. అమ్మోనియా ఒక్కటే వున్నా పగలదు. రెండూ కలిస్తే పగులుతుంది. అందుకే సుమారు 250, 300 డిగ్రీల వేడిలో కాచి ఆ బిగువు తీసేస్తారు. తూటాలను పశువులకు దూరంగా దాస్తారు” అన్నారు.

చింతపండు మాట ఎక్కడా లేదు.

ఆ శనివారమే బస్సెక్కాను. మామ్మ అరుగు మీద కూచుని వత్తులు చేసుకుంటోంది. పక్కన కూచుని ఎక్కడా ఆపకుండా అంతా చెప్పేశాను. అటక, సిపాయిలు, గుర్రపుశాల, అమ్మోనియా. “నీ చింతపండుది కాదు మామ్మా తప్పు, నాది” అన్నాను. ఆఖరుకు నా గొంతు పూడుకుపోయింది.

ఆవిడ వత్తి నలపడం ఆపలేదు.

“డబ్బా చంకన పెట్టుకుని నిచ్చెన దిగుతుంటే చూశాన్రా. నా బొడ్లో తాళంచెవి లాగినప్పుడు నిద్రపోతున్నాననుకున్నావు కాబోలు. ఆటలో రాళ్ల మీద కొట్టి పగలగొట్టుంటావు అనుకున్నాను.”

“మరి తాతయ్యతో చెప్పలేదేం?”

“ఆ పూట ఆయన చేతిలో తోలుబెల్టు వుంది. చింతపండుకైతే వీపు వాయదుగా!”

నాకు మాట రాలేదు. తొమ్మిదేళ్లుగా నేను ఆవిడకు అన్యాయం చేశాననుకుంటున్నాను. తొమ్మిదేళ్లుగా ఆవిడ నన్ను కాస్తూనే వుంది, అదీ నేను చేయని తప్పుకు. కాసేపయ్యాక మామ్మ నెమ్మదిగా, “అయితే పగలగొట్టలేదన్నమాట నువ్వు” అని, “ఈ ముక్క ఆయన వుండగా తెలిస్తే బాగుండేది. ఆ నడుం నొప్పితో ఆయనకు తోముకునే బాధ తప్పేది” అంది. తన మీద పడ్డ నింద గురించి ఒక్క మాట అనలేదు.

ఆవిడా పోయి చాలా కాలమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మంచె మీద తుపాకి కూచున్న ఆ రోజులు ఎప్పుడో పోయాయి, పోవడమే మంచిది. మీ యింట్లో పాత భోషాణాల్లో ఎక్కడైనా తూటా కనబడితే తోమడం, కాచడం, పిల్లల చేతికివ్వడం చేయకండి. అడుగున టోపీ పేలిందో లేదో మీకు తెలియదు. పోలీసు స్టేషనుకు కబురుచేయండి.

మామ్మ కుంది మాత్రం ఇవాళ మా యింట్లో దేవుడి దగ్గర వుంది. మొన్న పండక్కు మా కోడలు బజారు నుంచి ఇత్తడి తళతళలాడించే సీసా ఒకటి తెచ్చింది. మూత తీయగానే ఆ పాత వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. వాన, గడ్డి అటక, కళ్లలో నీళ్లు, అన్నీ ఒక్కసారి వచ్చాయి. పోత పోసిన కుంది ఆ మాత్రానికి పగలదని నాకు తెలుసు. అయినా, “అమ్మాయ్, దీనికి అది వద్దు. పులుసు పిసికిన చింతపండు పిప్పి వుందా?” అని అడిగాను.

ఉంది. నేనే కూచుని తోమాను. నూరు దాకా లెక్కపెట్టాను, ఒక్క అంకె కూడా దాటకుండా. కడిగి, తుడిచి, గోటితో మీటి చూశాను.

ఖంగుమంది.